మన ఊరి కమ్యూనిటీ కాలేజీ ఎలా పుట్టింది, ఎలా పెరిగింది?

మున్నేరు రాశారు:

అందరికీ నమస్కారం. మేముండేది కాలిఫోర్నియాలో. మా తెలుగు సంఘం ఈ ఏడాది సావనీరులో స్థానిక సంస్థల మీద వ్యాసాలు వేద్దామనుకుంటోంది. నేను కమ్యూనిటీ కాలేజీ తీసుకున్నాను, అంటే హైస్కూల్ తర్వాత రెండేళ్ల చదువు చెప్పే స్థానిక పబ్లిక్ కాలేజీ. ఒకప్పుడు వీటినే జూనియర్ కాలేజీలు అనేవారు. మనవాళ్లలో దాని గడప తొక్కని కుటుంబాలు తక్కువ. పిల్లలు వేసవి సెలవుల్లో కాల్క్యులస్ అక్కడ చదివేస్తారు. హెచ్4 డిపెండెంట్ వీసా మీద వచ్చిన ఆడవాళ్లు అకౌంటింగో ప్రోగ్రామింగో అక్కడ మొదలుపెడతారు. మా అత్తగారు ధైర్యంగా ఇంగ్లీషు మాట్లాడుతున్నారంటే అక్కడి సాయంత్రం క్లాసు పుణ్యమే. అయినా ఎవరి పిల్లాడైనా హైస్కూల్ అవగానే నేరుగా అక్కడ చేరాడంటే మాత్రం ఆ మాట గొంతు తగ్గించి చెప్పుకుంటాం. నాకది చాలా బాధగా ఉంటుంది. ఈ కాలేజీలు ఎందుకు పుట్టాయో, ఎవరి డబ్బుతో నిలబడ్డాయో తెలిస్తే అలా చిన్నచూపు చూడరని నా నమ్మకం.

దొరికినంతవరకు నేను మొదలుపెడతాను, తెలిసినవాళ్లు కలపండి.

ఇప్పటికీ నడుస్తున్నవాటిలో అన్నిటికన్నా పాత పబ్లిక్ జూనియర్ కాలేజీ ఇలినాయ్ రాష్ట్రంలోని జోలియెట్‌లో ఉంది. 1901లో మొదలైంది. అక్కడి హైస్కూల్ సూపరింటెండెంట్ జె. స్టాన్లీ బ్రౌన్, షికాగో యూనివర్సిటీ ప్రెసిడెంట్ విలియం రైనీ హార్పర్ కలిసి దాన్ని తలపెట్టారు. డిగ్రీ మొదటి రెండేళ్ల పాఠాలు ఆ హైస్కూల్‌లోనే చెప్పించారు. పై ఊరికి పంపే స్తోమత లేని ఇళ్ల పిల్లలు ఉన్న ఊళ్లోనే చదువుకోవచ్చు. మొదట చేరింది ఆరుగురు.

లెక్కల మాస్టారు రాశారు:

మున్నేరు గారూ, మంచి పని తలపెట్టారు. నేను రిటైరయ్యేదాకా ఇలాంటి కాలేజీల్లోనే లెక్కలు చెప్పాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తే ఏమీ అనుకోకండి.

హార్పర్ గురించి ఒక సంగతి చేర్చండి. ఊరి పిల్లల సౌకర్యం ఒక్కటే ఆయన్ని కదిలించలేదు. షికాగోలో మొదటి రెండేళ్లను జూనియర్ కాలేజీ, తర్వాతి రెండేళ్లను సీనియర్ కాలేజీ అని ఆయన అప్పటికే విడదీశారు. ఆ మొదటి రెండేళ్ల పాఠాలు బయట ఎవరైనా చెబితే యూనివర్సిటీ పరిశోధన మీద మనసు పెట్టవచ్చని ఆయన ఆలోచన. స్టాన్‌ఫర్డ్ ప్రెసిడెంట్ డేవిడ్ స్టార్ జోర్డన్ కూడా ఇదే వాదించేవారు. చదువు ఇంటి దగ్గరికి రావాలన్నది ఊరివాళ్ల కోరిక, తమ మీద భారం తగ్గాలన్నది యూనివర్సిటీల కోరిక. ఈ రెండింటి మధ్య లాగులాట పుట్టినప్పటి నుంచీ ఉంది.

మన రాష్ట్రం సంగతికొస్తే, 1907లో సెనేటర్ ఆంథొనీ కామినెట్టి తెచ్చిన చట్టం హైస్కూళ్లకు ఈ పాఠాలు చెప్పుకునే అనుమతి ఇచ్చింది. అనుమతి మాత్రమే, డబ్బు ఇవ్వలేదు. 1910లో ఫ్రెస్నో వాళ్లు దాన్ని మొదట వాడుకున్నారు. 1921 చట్టంతో పరిస్థితి మారింది. కాలేజీ హైస్కూల్ చాటునుంచి బయటికొచ్చి సొంత డిస్ట్రిక్ట్ (కాలేజీని నడిపే స్థానిక పాలన పరిధి), సొంత బోర్డు, సొంత పన్ను తెచ్చుకోగలిగింది. ఆ చట్టం కింద మొదట ఏర్పడింది మొడెస్టో.

అందుకే తరగతులు మొదలైన రోజు కన్నా ముందు, డిస్ట్రిక్ట్ కోసం మీ ఊరివాళ్లు ఓటు వేసిన రోజు వెతకండి. కాలేజీ కావాలని ఊరు నిర్ణయించుకున్నది ఆ రోజే.

చిత్రావతి రాశారు:

సొంత పన్ను అంటే? మనం కట్టే ప్రాపర్టీ టాక్స్‌లోంచేనా?

లెక్కల మాస్టారు రాశారు:

అవునండీ. మీ ప్రాపర్టీ టాక్స్ బిల్లు తీసి చూడండి, కమ్యూనిటీ కాలేజీ బాండ్ అని ఒక వరస కనిపిస్తుంది. కొత్త సైన్స్ భవనం, లైబ్రరీ, నర్సింగ్ ల్యాబ్ చాలావరకు అలాంటి బాండ్ల డబ్బుతో, అంటే ఓటర్లు ఒప్పుకుంటే తెచ్చే అప్పుతో, లేచినవే. అవి నెగ్గాలంటే ఒకప్పుడు మూడింట రెండు వంతుల ఓట్లు రావాలి. 2000లో ప్రాపొజిషన్ 39 (రాష్ట్ర ఓటర్లు నెగ్గించిన ప్రతిపాదన) వచ్చాక 55 శాతం చాలు. ఆ తర్వాత కాలేజీల్లో కట్టడాలు ఎంత ఊపందుకున్నాయో నేను కళ్లారా చూశాను. కాలేజీ బోర్డు సభ్యులను, అంటే ట్రస్టీలను కూడా మనమే ఎన్నుకుంటాం. బ్యాలట్‌లో అడుగున ఉంటారు కాబట్టి చాలామంది అక్కడిదాకా చదవరు. దయచేసి చదవండి.

నాగావళి రాశారు:

ఈ చరిత్రలో నాకు ఎంతో ఇష్టమైన మనిషి ఒకరున్నారు, జార్జ్ జూక్. ఎవరూ పెద్దగా తలుచుకోరు, అందుకే రాస్తున్నాను.

1920లో ఆయన ఫెడరల్ విద్యాశాఖలో పనిచేస్తున్నారు. అప్పటికి జూనియర్ కాలేజీలు అక్కడొకటి ఇక్కడొకటి పుట్టాయి. ఒకరి ప్రమాణం ఒకరికి తెలియదు, ఒకరి క్రెడిట్లు ఇంకొకరు ఒప్పుకుంటారన్న నమ్మకం లేదు. అలాంటి సమయంలో వాళ్లందరినీ సెయింట్ లూయిస్‌లో సమావేశపరిచింది జూక్. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ జూనియర్ కాలేజెస్ అక్కడే పుట్టింది. ఇప్పటి కమ్యూనిటీ కాలేజీల జాతీయ సంఘం అదే.

దాదాపు పాతికేళ్ల తర్వాత, 1946లో ప్రెసిడెంట్ ట్రూమన్ ఉన్నత విద్య మీద ఒక కమిషన్ వేశారు. దానికి అధ్యక్షుడు మళ్లీ జూకే. యుద్ధం అప్పుడే ముగిసింది. సైనికుల చదువుకు డబ్బిచ్చిన 1944 జీఐ బిల్లు పుణ్యమా అని సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లు కాలేజీల మీద పడ్డారు. మొత్తం మీద 22 లక్షల మంది ఆ బిల్లు సాయంతో కాలేజీ చదివారు. తాతలు, తండ్రులు కాలేజీ మొహం చూడని ఇళ్లవాళ్లు వాళ్లలో ఎందరో. అవకాశం ఇస్తే మామూలు మనుషులు చదవగలరని దేశానికి లెక్కతో సహా తెలిసొచ్చిన సందర్భమది.

1947 డిసెంబరులో రిపోర్టు వచ్చింది, ఆరు సంపుటాలు. హైస్కూల్ తర్వాత రెండేళ్ల చదువు అందరికీ ఉచితంగా అందాలని, అందుకు దేశమంతా కమ్యూనిటీ కాలేజీలు రావాలని అందులో రాశారు. 1960 నాటికి దేశంలో కాలేజీ విద్యార్థుల సంఖ్య 46 లక్షలకు చేరాలన్నారు. చేరికలో జాతి వివక్ష, మత వివక్ష పోవాలని కూడా స్పష్టంగా రాశారు. 1947లో! ఆ పేజీలు చదివినప్పుడు ఒళ్లు పులకరించింది. కమ్యూనిటీ కాలేజీ అన్న పేరు దేశమంతా పాకింది కూడా ఆ రిపోర్టు తర్వాతే.

మున్నేరు రాశారు:

నాగావళి గారూ, ఇది నాకు అస్సలు తెలియదు. సావనీరులో జూక్‌కి ఒక పేరా ఖాయం. జీఐ బిల్లు రోజుల్లో భవనాలు ఎక్కడివి మరి? అంతమంది ఒక్కసారి వచ్చిపడితే?

నాగావళి రాశారు:

ఏది దొరికితే అది. కోస్టా మెసాలోని ఆరెంజ్ కోస్ట్ కాలేజీ 1948లో తరగతులు మొదలుపెట్టింది పాత సైనిక విమాన స్థావరంలో. సైనికుల బ్యారక్‌లే తరగతి గదులు. మయామీ డేడ్ 1960లో తెరిచినప్పుడు మొదట్లో కోళ్ల షెడ్లుగా వాడిన కట్టడాల్లో పాఠాలు చెప్పారు, ఆ పేరుతోనే కాలేజీని ముద్దుగా పిలుచుకునేవారు. మీ కాలేజీ మొదటి ఫోటోలు దొరికితే వెనకున్న భవనం ఏమిటో జాగ్రత్తగా చూడండి.

లెక్కల మాస్టారు రాశారు:

1960 గురించి నేను రాయాలి.

ఆ ఏడాది కాలిఫోర్నియా ఉన్నత విద్యకు మాస్టర్ ప్లాన్ వచ్చింది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా (యూసీ) ప్రెసిడెంట్ క్లార్క్ కెర్ దానికి వెన్నెముక. హైస్కూల్ నుంచి వచ్చేవాళ్లలో పై ఎనిమిదో వంతుకు యూసీ, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, మిగతా అందరికీ జూనియర్ కాలేజీ. చదువుకోవాలని వచ్చిన ఎవరినీ కాదనకూడదు. అక్కడ బాగా చదివితే మూడో ఏడాదికి యూసీలో చేరే దారి ఉండాలి. కొందరు దీన్ని గొప్ప సమానత్వం అంటారు, కొందరు పిల్లలను మూడు అరల్లో సర్దడం అంటారు. బోధించినవాడిగా నా అభిప్రాయం చెబుతాను: మూడో ఏడాది తలుపు నిజంగా తెరిచి ఉన్నంతవరకు ఇది గొప్ప ఏర్పాటు. ఆ తలుపు బిగుసుకున్నప్పుడల్లా రెండో విమర్శ నిజమవుతుంది.

యుద్ధం తర్వాత పెద్ద సంఖ్యలో పుట్టిన బేబీ బూమ్ పిల్లలు కాలేజీ ఈడుకొచ్చిన దశాబ్దం అది. 1960ల్లో దేశంలో 450కి పైగా కొత్త పబ్లిక్ కమ్యూనిటీ కాలేజీలు తెరిచారు. అంతకు ముందు అరవై ఏళ్లలో పుట్టినవన్నీ కలిపినా అన్ని లేవు. 1970కి పబ్లిక్ రెండేళ్ల కాలేజీల్లో 22 లక్షల మంది చదువుతున్నారు. 2010లో ఆ సంఖ్య 72 లక్షలు. మాంద్యంలో ఉద్యోగాలు పోయినవాళ్లు చదువుకు తిరిగొచ్చినందువల్ల అది శిఖరం. తర్వాత తగ్గుతూ వచ్చింది, కోవిడ్‌లో ఇంకా పడింది.

తెల్లకోటు రాశారు:

చదువుతుంటే ఆగలేకపోయాను. నేను ఆర్ఎన్‌ని, అంటే రిజిస్టర్డ్ నర్సుని. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ల అసోసియేట్ డిగ్రీ చేసి నర్సునయ్యాను. ఇక్కడిదాకా వచ్చిన చరిత్రలో మా సంగతి లేదు, కలపండి.

1950కి ముందు నర్సు కావాలంటే చాలామంది మూడేళ్లు ఆస్పత్రి స్కూల్లో ఉండాల్సి వచ్చేది. పగలూ రాత్రీ వార్డు చాకిరీ, చదువు దాని సందుల్లో. మిల్డ్రెడ్ మాంటాగ్ అనే ఆవిడ కొలంబియా యూనివర్సిటీ టీచర్స్ కాలేజీలో తన పరిశోధనలో, ఈ చదువును రెండేళ్లలో కాలేజీలో చెప్పవచ్చని ప్రతిపాదించారు. 1952లో ఏడు జూనియర్, కమ్యూనిటీ కాలేజీలతో ప్రయోగం మొదలైంది. ఐదేళ్లు నడిపి చూశారు. అలా చదివినవాళ్లు లైసెన్సు పరీక్షలు బాగా పాసయ్యారు, వార్డుల్లో కూడా నిలబడ్డారు. ఆ తర్వాత దేశమంతా పాకింది. పెళ్లయి పిల్లలున్నవాళ్లు, వయసు దాటినవాళ్లు, మగవాళ్లు నర్సింగ్‌లోకి వచ్చింది ఎక్కువగా ఈ దారిలోనే. ఆస్పత్రి హాస్టల్లో ఉండి చదవాలంటే వాళ్లకు కుదిరేది కాదు.

నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లు, రెండేళ్లు చేసినవాళ్లు రాసే లైసెన్సు పరీక్ష ఒక్కటే. ఎన్‌క్లెక్స్. కొన్ని పెద్ద ఆస్పత్రులు ఇప్పుడు నాలుగేళ్ల నర్సింగ్ డిగ్రీ బీఎస్ఎన్ కావాలంటున్నాయి, అందుకని పని చేస్తూ తర్వాత ఆ డిగ్రీ కూడా పూర్తి చేశాను. కానీ నాకు ఐవీ పెట్టడం, మందుల మోతాదు లెక్క కట్టడం, భయపడే పేషెంటు పక్కన నిలబడటం నేర్పింది ఆ మొదటి కాలేజీ.

శబరి రాశారు:

తెల్లకోటు అక్కా, సీటు దొరకడం కష్టమంటారు, నిజమేనా?

తెల్లకోటు రాశారు:

నిజమే. కాలేజీలోకి అందరినీ తీసుకుంటారు, నర్సింగ్ ప్రోగ్రాంలోకి అందరినీ తీసుకోలేరు. క్లినికల్ శిక్షణకి ఆస్పత్రుల్లో చోటు పరిమితం, టీచర్లు దొరకరు. అనాటమీ, ఫిజియాలజీ, మైక్రోబయాలజీ మంచి గ్రేడుతో ముందే ముగించుకుని అప్లై చెయ్యాలి. కొన్నిచోట్ల లాటరీ, కొన్నిచోట్ల పాయింట్లు. టెన్షన్ పడకుండా రెండు మూడు కాలేజీలకు పెట్టుకో.

మంజీర రాశారు:

పెద్దలందరూ బాగా చెప్పారు. నేను రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే వ్యాసం పొగడ్త అయిపోతుంది.

కమ్యూనిటీ కాలేజీలో చేరేవాళ్లలో నూటికి దాదాపు 80 మంది బ్యాచిలర్స్ డిగ్రీ చెయ్యాలనే చేరతారు. మూడో వంతు మందే నాలుగేళ్ల యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ అవుతారు. ఆరేళ్లలో ఆ డిగ్రీ చేతికొచ్చేది నూటికి 16 మందికి. ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది. బర్టన్ క్లార్క్ అనే సోషియాలజిస్టు 1960లోనే ఈ కాలేజీలు పిల్లల ఆశను నెమ్మదిగా చల్లార్చే చోట్లుగా మారుతున్నాయని రాశారు.

మా అబ్బాయి విషయంలో జరిగింది చెబుతాను. కౌన్సెలర్ చెప్పిన కోర్సులే తీసుకున్నాడు. ట్రాన్స్‌ఫర్ అయ్యాక వాటిలో కొన్నిటిని యూనివర్సిటీ మేజర్‌కి (ప్రధాన సబ్జెక్టుకి) లెక్కపెట్టలేదు, ఎలెక్టివ్ కింద వేసింది. ఒక సెమిస్టర్ ఎక్కువ చదవాల్సి వచ్చింది. ఆ కౌన్సెలర్ మీద ఎంతమంది పిల్లల భారం ఉందో తర్వాత తెలిసింది, అందుకే ఆమెను తప్పుపట్టను. కానీ ఇంట్లో దారి చెప్పగలవాళ్లు లేని పిల్లల గతి ఏమిటి? మావాడికైనా మేం ఫీజు కట్టగలిగాం.

లెక్కల మాస్టారు రాశారు:

మంజీర గారూ, మీరు చెప్పింది అక్షరాలా నిజం. నా తరగతిలో చూసిన సంగతి చెబుతాను.

చేరగానే ప్లేస్‌మెంట్ పరీక్ష పెట్టేవాళ్లు. అందులో తక్కువ వస్తే క్రెడిట్ లేని లెక్కల క్లాసు, దాని కింద ఇంకొకటి, దాని కింద మరొకటి. కాలేజీ లెక్కల దాకా రావడానికి రెండేళ్లు పట్టేవాళ్లుండేవారు. చాలామంది ఫెయిలై వెళ్లలేదు. పాసై కూడా, తర్వాతి మెట్టుకు చేరేలోగా ఉద్యోగం మారో, అమ్మకు జబ్బు చేసో ఆగిపోయారు. 2017లో ఏబీ 705 చట్టం వచ్చి, హైస్కూల్ మార్కులు చూసి నేరుగా కాలేజీ స్థాయి క్లాసులో వెయ్యమంది. నా తోటి టీచర్లలో కొందరు వ్యతిరేకించారు. నేను సమర్థించాను, ఇప్పటికీ సమర్థిస్తాను. ఒక్క షరతు: ఆ క్లాసుతో పాటు అదనపు సాయం కూడా ఉండాలి.

ఇంకొకటి. పబ్లిక్ రెండేళ్ల కాలేజీల్లో టీచర్లలో మూడింట రెండు వంతుల మంది పార్ట్ టైమ్, అడ్జంక్టులు. ఉదయం ఒక కాలేజీ, మధ్యాహ్నం ఇంకొకటి, రాత్రి మూడోది. మమ్మల్ని ఫ్రీవే ఫ్లయర్స్ అనేవారు. విద్యార్థి డౌట్ అడుగుదామంటే ఆ టీచరుకు కూర్చోవడానికి గది ఉండదు. ఇన్ని లక్షల మందికి తక్కువ ఖర్చుతో చదువు చెప్పడం ఎలా సాధ్యమైందని ఎవరైనా అడిగితే, జవాబులో పెద్ద భాగం ఈ అడ్జంక్టుల శ్రమే. మీ కాలేజీ చరిత్రలో ప్రెసిడెంట్ల పేర్లతో పాటు వీళ్లకూ చోటివ్వండి.

వంశధార రాశారు:

మంజీర గారి అంకెలు మార్చవచ్చని రుజువైన చోటు ఒకటుంది. న్యూయార్క్.

సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్ 2007లో తన కమ్యూనిటీ కాలేజీల్లో అసాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఫుల్ టైమ్ చదవాలి. బదులుగా ఫీజులో తక్కువపడింది వాళ్లే చూసుకుంటారు, పుస్తకాలకు సాయం, సబ్‌వేకి ప్రయాణ కార్డ్, అన్నిటికన్నా ముఖ్యం పేరుపెట్టి పిలిచే ఒక సలహాదారు. ఆయన చేతిలో విద్యార్థులు తక్కువమందే ఉంటారు. ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి పరీక్షించింది. మూడేళ్లలో అసాప్ పిల్లలు నూటికి 40 మంది డిగ్రీ అందుకున్నారు, మామూలు పద్ధతిలో 22 మంది. వాళ్లంతా తక్కువ ఆదాయం ఉన్న ఇళ్లవాళ్లు, మాస్టారు చెప్పిన ఆ క్రెడిట్ లేని రెమెడియల్ క్లాసులు అవసరమన్నవాళ్లే. తర్వాత ఒహాయోలో మూడు కాలేజీల్లో చేస్తే అక్కడా పెరిగింది.

మా ఇంటికి దగ్గర్లో క్వీన్స్‌లోని లాగ్వార్డియా కమ్యూనిటీ కాలేజీ. 1971లో ఫోర్డ్ ఇన్‌స్ట్రుమెంట్ కంపెనీ పాత ఫ్యాక్టరీ కట్టడంలో మొదలైంది. చదువులో భాగంగా ఉద్యోగ అనుభవం తప్పనిసరి చేసింది. 1974లో అక్కడే మిడిల్ కాలేజ్ హైస్కూల్ పెట్టారు. చదువు మానేసే ప్రమాదం ఉన్న హైస్కూల్ పిల్లలను కాలేజీ ఆవరణలోకి తెచ్చి చదివించారు. ఇప్పుడు మన పిల్లలు డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ అని హైస్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు పోగేసుకుంటున్నారే, దానికి ముందు నడిచిన దారుల్లో అదొకటి. ఇవాళ దేశంలో కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల్లో ఇంచుమించు ఐదో వంతు హైస్కూల్ పిల్లలే.

శబరి రాశారు:

ఆ డ్యుయల్ ఎన్‌రోల్‌మెంట్ క్రెడిట్లు అందరికీ పనికొస్తాయా?

వంశధార రాశారు:

రాష్ట్రంలోని పబ్లిక్ యూనివర్సిటీల్లో ఎక్కువగా పనికొస్తాయి. కొన్ని పెద్ద ప్రైవేటు యూనివర్సిటీలు ఒప్పుకోవు. ఒక్క జాగ్రత్త. అక్కడొచ్చిన గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో శాశ్వతంగా ఉంటుంది. పదకొండో తరగతి పిల్లాడి మీద ఒకేసారి మూడు కోర్సులు వెయ్యకండి.

పెన్నా రాశారు:

నేను ఫ్లోరిడాలో ఉంటాను. మా రాష్ట్రం చరిత్రలో బాధాకరమైన భాగం ఒకటుంది. చెప్పకపోతే అన్యాయం.

దక్షిణాదిలో అందరికీ తలుపులు తెరిచిన కాలేజీ అన్న మాట చాలాకాలం తెల్లవాళ్ల వరకే నిజం. ఫ్లోరిడాలో 1949లో పెన్సకోలాలో బుకర్ టి. వాషింగ్టన్ జూనియర్ కాలేజీ నల్లజాతి విద్యార్థుల కోసం విడిగా మొదలైంది. తర్వాత అలాంటివి మరో 11 వచ్చాయి. మొత్తం 12. చాలావాటికి సొంత భవనం లేదు, నల్లజాతి హైస్కూళ్లలోనే నడిచేవి. అయినా ఆ టీచర్లు ఇల్లిల్లూ తిరిగి విద్యార్థులను చేర్పించారు.

1964 పౌరహక్కుల చట్టం తర్వాత ఈ 12 కాలేజీలను మూసేశారు, లేదా తెల్లవాళ్ల కాలేజీల్లో కలిపేశారు. 1960ల చివరికి ఒక్కటీ మిగల్లేదు. వివక్ష పోవడం మంచిదే. కానీ కలిపేటప్పుడు ఆ కాలేజీల ప్రెసిడెంట్లు, టీచర్లలో చాలామందికి మునుపటి స్థానం దక్కలేదు. విద్యార్థుల్లో కొందరు కొత్త చోటికి వెళ్లనే లేదు. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ కాలేజీ ఉండేదని చెప్పే గుర్తు ఒక ఫలకం మాత్రమే.

మున్నేరు గారూ, మీ కాలేజీ గురించి రాసేటప్పుడు మొదటి ఇరవై ఏళ్లలో అక్కడ ఎవరు చదవగలిగారు, ఎవరు చదవలేకపోయారు అని కూడా అడగండి. మీ వైపు పొలాల్లో పనిచేసిన మెక్సికన్ కుటుంబాలు, జపనీస్ కుటుంబాలు ఉండేవి కదా. పాత ఇయర్‌బుక్కుల్లో మొహాలు చూస్తే కొంత తెలుస్తుంది.

నాగావళి రాశారు:

పెన్నా గారికి జోడింపు. 1968లో నవాహో జాతివాళ్లు సొంతంగా నవాహో కమ్యూనిటీ కాలేజీ పెట్టుకున్నారు. ఒక గిరిజన జాతి తన చేతుల్లో ఉంచుకుని నడిపిన మొదటి కాలేజీ దేశంలో అదే. ఇప్పుడు డినే కాలేజ్ అంటారు. తమ భాష, చరిత్ర అక్కడ పాఠ్యాంశాలు. పదేళ్ల తర్వాత, 1978లో ఇలాంటి కాలేజీలకు ఫెడరల్ సాయం ఇచ్చే చట్టం వచ్చింది. ఊరి కాలేజీ ఊరివాళ్ల చేతుల్లో ఉండటమంటే నాకు గుర్తొచ్చేది వాళ్లే.

మోడరేటర్:

చర్చ చాలా బాగా సాగుతోంది. అడ్మిషన్ల ప్రశ్నలు ఎక్కువైతే వేరే శీర్షిక తెరుద్దాం, ఇక్కడ చరిత్రకే ప్రాధాన్యం ఇవ్వండి.

శబరి రాశారు:

మోడరేటర్ గారూ, ఒక్క ప్రశ్న అడిగి ఆపేస్తాను. మా అమ్మాయి రెండేళ్లు ఇక్కడ చదివి యూసీకి వెళదామంటోంది. మావారు ఒప్పుకోవడం లేదు, పేరు లేని చోట చదివితే ఉద్యోగం రాదంటున్నారు. ఏం చెప్పమంటారు?

లెక్కల మాస్టారు రాశారు:

అమ్మా, డిగ్రీ మీద యూసీ పేరే ఉంటుంది. అది ముందు చెప్పండి.

ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు, 2012 నుంచి మారలేదు. 60 యూనిట్లకు 2,760 డాలర్లు. మొదటిసారి కాలేజీలో చేరి ఫుల్ టైమ్ చదివే రాష్ట్ర విద్యార్థులకు ప్రామిస్ అనే పథకం కింద రెండేళ్లు అదీ ఎత్తేసే కాలేజీలు ఎన్నో ఉన్నాయి. డేవిస్, ఇర్వైన్, మర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రజ్, ఈ ఆరు క్యాంపస్‌లు షరతులు పూర్తి చేస్తే సీటు హామీ ఇస్తాయి. దాన్ని ట్యాగ్ అంటారు. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియాగో హామీ ఇవ్వవు, కానీ ట్రాన్స్‌ఫర్లను ఏటా వేలల్లో తీసుకుంటాయి. కొన్ని మేజర్లకు ట్యాగ్ వర్తించదు, కంప్యూటర్ సైన్స్ లాంటివి జాగ్రత్తగా చూసుకోవాలి.

మంజీర గారి అబ్బాయికి జరిగింది మీ అమ్మాయికి జరగకూడదంటే, చేరిన మొదటి నెలలోనే అసిస్ట్ వెబ్‌సైట్‌లో తన కాలేజీ, తను వెళ్లాలనుకునే క్యాంపస్, మేజర్ పెట్టి చూసుకోమనండి. ఏ కోర్సు దేనికి సమానమో అక్కడ రాసి ఉంటుంది. ప్రతి సెమిస్టర్ ముందు మళ్లీ చూసుకోవాలి.

మంజీర రాశారు:

శబరి గారూ, అది తప్పకుండా చేయించండి. ఇంకోమాట, రెండేళ్లు ఇంట్లోనే ఉంటుంది కాబట్టి స్నేహితులు ఏర్పడటం కష్టమవుతుంది. క్యాంపస్‌లో ఏదో ఒక క్లబ్బులోనో, ట్యూటరింగ్ సెంటర్ పనిలోనో చేరమనండి. క్లాసుకెళ్లి కారెక్కి వచ్చేసేవాళ్లే ఎక్కువగా మధ్యలో జారిపోతారు.

చిత్రావతి రాశారు:

ఒకప్పుడు కాలిఫోర్నియాలో అసలు ఫీజే లేదని విన్నాను. మరి ఎప్పుడు వచ్చింది?

లెక్కల మాస్టారు రాశారు:

1984లో. దాని మూలం 1978లో ఉంది. ఆ ఏడాది ప్రాపొజిషన్ 13 నెగ్గింది. ప్రాపర్టీ టాక్స్ ఇంటి విలువలో ఒక శాతానికి మించకూడదు, ఆ విలువను ఏడాదికి రెండు శాతం కన్నా పెంచకూడదు అని కట్టడి చేశారు. ఇంటి యజమానులకు ఊరట, కాలేజీలకు దెబ్బ. అప్పటిదాకా డిస్ట్రిక్ట్ తనకు కావలసిన పన్ను రేటు చాలావరకు తానే పెట్టుకునేది. ఆ తర్వాత డబ్బు కోసం రాష్ట్ర రాజధాని శాక్రమెంటో వైపు చూడాల్సి వచ్చింది. డబ్బు ఎక్కడినుంచి వస్తే నిర్ణయం కూడా అక్కడికే పోతుంది.

1982లో నిధుల కోత వచ్చినప్పుడు మొదట పోయింది సరదా కోసం, వ్యాపకం కోసం జనం నేర్చుకునే కోర్సులు. కుండలు చేయడం, కుట్టుపని, తోటపని లాంటివి. వృద్ధులు ఎక్కువగా వచ్చే క్లాసులవి. రెండేళ్లకు సెమిస్టర్‌కు 50 డాలర్ల ఫీజు పెట్టారు. చూడటానికి చిన్న మొత్తం, అయినా చేరేవాళ్ల సంఖ్య పడిపోయింది. డబ్బు లేనివాళ్లు ఎంత సన్నని అంచు మీద నిలబడి చదువుతున్నారో అప్పుడు తెలిసింది.

ఉచిత చదువు ఆలోచన మళ్లీ తిరిగొచ్చింది టెనెసీ నుంచి. 2014లో చట్టం చేశారు, 2015లో మొదటి బ్యాచ్ చేరింది. ఫెడరల్ సాయం పోగా మిగిలిన ఫీజు రాష్ట్రం కడుతుంది. మూడేళ్లకు పెద్దవాళ్లకు కూడా వర్తింపజేశారు. ఆ తర్వాతే చాలా రాష్ట్రాలు ఆ బాట పట్టాయి.

మున్నేరు రాశారు:

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ కృతజ్ఞతలు. దేశం కథ దాదాపు సమకూరింది. ఇప్పుడు మా ఊరి కథ కావాలి. కాలేజీ వెబ్‌సైట్‌లో ఒక పేజీ ఉంది, అందులో ప్రెసిడెంట్ల పేర్లు, భవనాల ప్రారంభోత్సవాలు తప్ప ఏమీ లేదు. ఎక్కడ వెతకాలి?

నాగావళి రాశారు:

ట్రస్టీల మీటింగ్ మినిట్స్ పబ్లిక్ రికార్డు. అడిగితే చూపించాలి. పాతవి కాలేజీ లైబ్రరీలో ఉండొచ్చు, లేకపోతే డిస్ట్రిక్ట్ ఆఫీసులో. డిస్ట్రిక్ట్ ఓటు, బాండ్ ఓట్ల ఫలితాలు ఆనాటి స్థానిక పత్రికలో ఉంటాయి, పబ్లిక్ లైబ్రరీలో మైక్రోఫిల్మ్ అడగండి. పత్రికలో సంపాదకుడికి వచ్చిన ఉత్తరాలు వదలకండి. కాలేజీ ఎందుకు దండగ అని ఎవరో ఒకరు రాసే ఉంటారు, దానికి ఎవరో జవాబిచ్చే ఉంటారు. వ్యాసానికి ప్రాణం అక్కడుంటుంది.

లెక్కల మాస్టారు రాశారు:

కాలేజీ పాత కాటలాగులు కూడా తీయించుకోండి. 1977ది, 1985ది పక్కపక్కన పెట్టి చూస్తే ఏ కోర్సులు పోయాయో మీకే కనిపిస్తుంది. వెనక పేజీల్లో టీచర్ల పేర్లుంటాయి. సాయంత్రం కాలేజీ విభాగం వేరుగా ఉంటే అది కూడా చూడండి. రిటైరైన టీచర్ల సంఘం చాలా కాలేజీల్లో ఉంది, వాళ్లకు ఒక ఉత్తరం రాస్తే మాట్లాడేవాళ్లు దొరుకుతారు.

తెల్లకోటు రాశారు:

నర్సింగ్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి పిన్నింగ్ ఫోటోలు అడగండి. కోర్సు పూర్తిచేసిన ప్రతి బ్యాచ్‌కీ పిన్ను పెట్టే వేడుక ఉంటుంది. ఆ ఫోటోలు ఏళ్ల వారీగా గోడ మీద ఉంటాయి చాలాచోట్ల.

మున్నేరు రాశారు:

శనివారం పబ్లిక్ లైబ్రరీలో మైక్రోఫిల్మ్ గది బుక్ చేశాను. డిస్ట్రిక్ట్ ఆఫీసుకు మినిట్స్ కోసం ఈమెయిల్ పెట్టాను. పెన్నా గారు చెప్పినట్టు ఇయర్‌బుక్కులు కూడా అడిగాను, యుద్ధానికి ముందువి ఉన్నాయన్నారు. దొరికినవి ఇక్కడే పెడతాను. మాస్టారు గారూ, లెక్కల కోర్సుల పాత పేర్లు నాకు అర్థం కాకపోతే మిమ్మల్నే అడుగుతాను.

లెక్కల మాస్టారు రాశారు:

తప్పకుండా. స్కాన్ చేసి పెట్టండి, చూస్తాను.